పెట్టె నొసట బొట్టు

2011 సెప్టెంబర్ 2, శుక్రవారం

ఈ నోటుబుక్కు వందన ఇచ్చింది. "అత్తమ్మా, నీ బుగులంత నాకే చెప్తె నాకు బువ్వ దిగుతలేదు. గిండ్ల రాసుకో, నీకు పుణ్యముంటది" అంది. కోపంతో అనలేదు, నవ్వుతూనే అంది. కోడలే అయినా మనసున్న పిల్ల. రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు ఇన్నేళ్ళకు చేతికి వస్తాయా అనుకున్నాను. వస్తున్నాయి.

రాసుకునేంత బుగులు, దిగులు నాకేం లేదు.

పెట్టెలు వచ్చాయి. జగిత్యాలలోని కంపెనీ ఆఫీసు నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చి నా కొడుకు జలపతి ఇంట్లో పేర్చాడు. కాలు పెట్టే జాగా లేదు. టీవీ కింద పెట్టుకునే పెట్టె అది. ఉత్త టీవీ అయితే చూపిస్తుంది, మనం చూస్తాం. ఈ పెట్టె తగిలిస్తే టీవీ మనతో మాట్లాడుతుందట. రిమోటు మీద రంగు రంగుల బటన్లున్నాయి. ఎర్రది నొక్కితే ప్రశ్నలు అడుగుతుంది, మనం జవాబు నొక్కాలి. ఆకుపచ్చది పిల్లల పాఠాలకు, పసుపుది వంటలకు. నీలిది పాటలకు. పాటలకని తీగతో ఒక మైకు కూడా ఇచ్చారు. అందులో పాడితే మన గొంతు టీవీలోంచి వస్తుందట.

కోరుట్లలో మా వాడ ఇళ్ళకు వీటిని ఊరికే ఇచ్చి చూస్తారు. ఎవరు ఏ బటన్ ఎంత వాడారో పెట్టె కడుపులో గుర్తుంటుంది. దీపావళి లోపల కంపెనీ సారు వచ్చి చూస్తాడు. జనం వాడితే కోరుట్లకు జలపతే కంపెనీ మనిషి. నెల నెలా జీతం. వాడకపోతే మళ్ళీ సిరిసిల్లే. మా మరిది కొడుకు ఎల్లేశం తన మరమగ్గాల కార్ఖానాలో రాత్రి పాళి పనికి జాగా దీపావళి దాకా ఆపి ఉంచాడు.

మరమగ్గం సాంచెల దగ్గరికి పోవద్దని కరీంనగర్ డాక్టరు జలపతికి చెప్పాడు. మగ్గాల దుమ్ము నీ ఛాతీకి పడదు అన్నాడు. అందుకే ఉగాదికి సిరిసిల్ల వదిలి వందన తల్లిగారి ఊరు కోరుట్లకు వచ్చాం. మా ఆయనకు కూడా ఒక డాక్టరు అదే మాట చెప్పాడు. ఆయన సంగతి ఇక్కడ రాయను.

ఇంకో సంగతి. జలపతి అన్నం తిని ఒరిగాడు. వందన చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పోయింది. సిరిసిల్లలో పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె కొత్తది తెచ్చినా బొట్టు పెట్టకుండా మగ్గానికి ఎక్కించం. ఇన్ని పెట్టెలు, నా కొడుకు బతుకంతా వీటి మీదే ఉంది, బొట్టు లేకుండా ఊరి మీదికి పోతాయా? వందన పెట్టాల్సిన బొట్టు అది. మా ఆయన పోయినప్పటి నుంచి నేను కుంకుమ భరిణె ముట్టలేదు. ముట్టకూడదు. కానీ వందన వచ్చేసరికి జలపతి లేచి పెట్టెలు తీసుకుపోతాడేమో. యంత్రానికి పెట్టే బొట్టుకు ముత్తయిదువే కావాలని ఏముంది అనుకున్నాను. కుంకుమ తడిపి నేనే పెట్టాను. ప్రతి పెట్టెకూ ముందు వైపు, సరిగ్గా నడుమ, నల్లగా మెరిసే చిన్న అద్దం లాంటిది ఉంది. అచ్చం నొసలే. అక్కడే పెట్టాను. వరుసగా కూర్చున్న ఆడపిల్లల్లా ఎంత బాగున్నాయో.

జలపతి లేచి పెట్టెలను చూశాడు. నన్ను చూశాడు.

"మంచిగ పెట్టినవవ్వా" అన్నాడు.

సెప్టెంబర్ 4, ఆదివారం

పెట్టెలన్నీ ఇళ్ళకు చేరాయి. జలపతే మోసుకుపోయి తగిలించి వచ్చాడు. అన్ని ఇళ్ళలో చాయ్ పోశారట, ఇక రాత్రికి బువ్వ వద్దన్నాడు.

మా వాడలోని వజ్రమ్మ వాళ్ళు చర్చికి పోతారు. బొట్టున్న పెట్టె ఇస్తే ఏమనుకుంటుందో అని అడిగాను. "గది నేను సూసుకున్న తియ్యవ్వా" అన్నాడు.

దగ్గలేదు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు, అంతే.

సెప్టెంబర్ 6, మంగళవారం

మాకూ ఒక పెట్టె ఉంచాడు. దాని రిమోటు మాత్రం పనిచేయదు. నొక్కీ నొక్కీ వందనకు బొటనవేలు నొప్పి పుట్టింది. పెట్టె మీద కూడా చిన్న చిన్న బటన్లున్నాయి. జలపతి ప్రతిసారీ లేచిపోయి వాటినే నొక్కుతాడు.

"గా రిమోటుకు ఏమైందిరా?"

"ఏం గాలేదవ్వా. లేసుడు మంచిదే. డాక్టరు నడువుమన్నడు కదా."

"గీ నాలుగడుగులను నడుసుడంటరా?"

"నువ్వు సీరియల్ సూడు తియ్యి."

వందన నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. బుగులేం లేదు.

సెప్టెంబర్ 9, శుక్రవారం

రాములవ్వ ఇంటి వరండాలో వాడకట్టు ఆడవాళ్ళు చేరి బీడీలు చేస్తారు. వందన కూడా అక్కడికే పోతుంది. తలుపు తీసి పెడితే లోపలి టీవీ కనిపిస్తుంది. అందరి ఒళ్ళలో చాటలు, చాటల్లో కత్తిరించిన ఆకు, తంబాకు. కళ్ళు టీవీ మీద ఉంటాయి, చేతులు వాటంతటవే తిరుగుతుంటాయి.

నేను ఊరికే పోయినట్టు పోయాను. పెట్టె మీద అల్లిన గుడ్డ కప్పి ఉంది. గుడ్డ అంచు ముందుకు వేలాడి పెట్టె మొహం కూడా కనబడదు. రిమోటును ప్లాస్టిక్ కవరులో చుట్టి సజ్జ మీద పెట్టారు.

"గిదేందే రాములవ్వా, పెట్టెకు ముసుగేసినవు?"

"కొత్త సామాను అక్కా. దుమ్ము పట్టదా? నీ కొడుకు అడిగితె మంచిగ ఉంచినమని చెప్పాలె కదా."

"ఉంచుడు కాదే, నొక్కాలె."

"నొక్కిన ఒకపారి. గది నన్నే అడుగవట్టె, తాజ్‌మహల్ ఎవ్వలు కట్టిచ్చిండ్రు అని. టీవీ మనకు చెప్పాలె గని మనల అడుగుడేంది? నేనేమన్న పరీచ్చకు కూసున్ననా?"

అందరూ నవ్వారు. పక్కనున్న లింగవ్వ అందుకుంది. "నేను తప్పు నొక్కితె కిర్రుమని అరిసింది శంకరవ్వక్కా. మా ముసలోడు నన్ను సూసి ఏడాదికి సరిపోను నవ్విండు. ఇగ నేను దాని జోలికి పోతనా?"

"సీరియల్ నడువంగ నొక్కితె సీరియల్ పాయె" అంది ఇంకొకామె. "అందరం కూసోని సూసేటప్పుడు ఒక్కలు నొక్కితె మిగిలినోళ్ళు కొట్టరా?"

ఇంటికి వచ్చి జలపతికి చెప్పలేదు. కొత్తలో అందరూ అలాగే అంటారు. అలవాటైతే నొక్కుతారు. సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు మేమెవరం ముట్టుకున్నాం?

సెప్టెంబర్ 13, మంగళవారం

సకల జనుల సమ్మె ఈరోజు మొదలైంది. ఆఫీసుల వాళ్ళు, బడి సార్లు అందరూ పని బందు పెట్టారు. కూడలిలో టెంటు వేసి దీక్షలకు కూర్చున్నారు. వందన, రాములవ్వ ఊరేగింపులో పోయి గొంతులు రాసుకుపోయి వచ్చారు. తెలంగాణ రావాలి. నేనూ దేవుడికి దండం పెట్టుకున్నాను.

బొగ్గు బావులు కూడా ఆగితే కరెంటు ఉండదంటున్నారు. కరెంటు లేకపోతే పెట్టెలు ఎట్లా నొక్కుతారు? ఊరంతా తెలంగాణ అంటుంటే నేను పెట్టెల గురించి ఆలోచిస్తున్నాను. ఇది తప్పేమో. ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబర్ 16, శుక్రవారం

కరెంటు లేదు.

సెప్టెంబర్ 17, శనివారం

కరెంటు లేదు. జలపతి దగ్గలేదు. చల్ల నీళ్ళు తాగితే కొంచెం పొలమారింది.

సెప్టెంబర్ 20, మంగళవారం

బస్సులు కూడా ఆగాయి. సిరిసిల్ల నుంచి ఎల్లేశం ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, మంచిగున్నరా? కరెంటు లేక ఈడ సాంచెలన్ని పండుకున్నయి. జలపతన్న పెట్టెలు నడుత్తున్నయా?"

"మస్తు నడుత్తున్నయిరా."

"నడిత్తె మంచిదే. లేకుంటె మన కార్ఖానల జాగ ఉండనే ఉన్నది. ఇంకొకలు అడుగుతుండ్రు గని నేనే దీపావళి దాక ఆపిన."

ఎల్లేశం మంచివాడు. మా కష్టం ఎరిగినవాడు. ఫోన్ పెట్టేశాక వాడి మీద నాకు ఎందుకో కోపం వచ్చింది.

సెప్టెంబర్ 22, గురువారం

వజ్రమ్మ ఇంటికి పోయాను. అదృష్టం కొద్దీ కరెంటు ఉంది. ఆమె పొయ్యి దగ్గర కూర్చొని అక్కడి నుంచే రిమోటు నొక్కింది. అంత దూరంలో ఉన్న పెట్టె టక్కున అందుకుంది.

"గీడికెళ్ళి నొక్కితె పనిచేత్తదానే?" అని అడిగాను.

"చెయ్యకేం? దాని కన్నుకు తగులాలె, గంతే. ముంగట గా నల్ల అద్దమున్నది సూడు, గదే దాని కన్నట. అడ్డం ఏం పెట్టకుండ్రి అని మీ జలపతే చెప్పిండు."

చూశాను. అద్దం తళతళలాడుతోంది. బొట్టు లేదు. వీళ్ళ ఇంట్లో బొట్టు ఉండదని జలపతి తుడిచి ఇచ్చి ఉంటాడు.

అది కన్ను. నేను నొసలు అనుకున్నాను.

వజ్రమ్మ చాయ్ పోస్తానంది. తాగకుండానే వచ్చేశాను.

సెప్టెంబర్ 23, శుక్రవారం

రాయబుద్ధి కావడం లేదు.

సెప్టెంబర్ 24, శనివారం

రాములవ్వ ఇంట్లో, లింగవ్వ ఇంట్లో, అందరి ఇళ్ళలో పెట్టెలకు నేను కళ్ళు మూసి పంపాను. మా ఇంటి రిమోటు ఎందుకు పనిచేయదో ఇప్పుడు తెలిసింది. వాళ్ళు నొక్కలేదంటే ఎందుకు నొక్కుతారు, నొక్కితే పలకని దానిని? పైకి పరీక్ష అని, సీరియల్ అని నవ్వుతున్నారు. నా మొహం చూసి అసలు సంగతి చెప్పలేదేమో. ముట్టకూడని చేయి ముట్టింది.

మా పెట్టెది తుడిచి రిమోటు నొక్కి చూస్తే తేలిపోతుంది. గుడ్డ తడిపి దాని ముందు కూర్చున్నాను కూడా. బొట్టు తుడవడానికి నా చేయి రాలేదు. నాది తుడిచిన నాడు

అన్నం పొంగింది. పోయి వచ్చాను.

ఒకవేళ మా ఇంటి రిమోటే చెడిపోయిందేమో. వంద సామాన్లలో ఒకటి అలాంటిది ఉంటుంది. తుడవాల్సిన పని లేదు.

సెప్టెంబర్ 27, మంగళవారం. ఎంగిలిపూల బతుకమ్మ

ఈరోజు ఆడవాళ్ళందరూ బతుకమ్మలు ఎత్తుకొని పోయారు. నాకు మోకాళ్ళ నొప్పులని చెప్పి ఉండిపోయాను. వాడ ఖాళీ అయ్యాక కొంగు కింద తడిగుడ్డ పెట్టుకుని రాములవ్వ ఇంటికి పోయాను. తలుపు చేరవేసి ఉంది. దొంగలాగ పోయాను. ఈ వయసులో.

పెట్టె మీది అల్లిక గుడ్డ ఎత్తాను.

నడుమ అద్దం శుభ్రంగా ఉంది. బొట్టు లేదు. లేదనుకున్నాను. ఉంది. ఎడమ పక్క మూలన ఉంది. నేను ఉంగరపు వేలితో చిన్నగా, గుండ్రంగా పెడతాను. ఇది మగవాడి బొటనవేలితో అదిమిన బొట్టు. పెద్దగా, వంకరగా.

లింగవ్వ ఇంటికి కూడా పోయాను. అక్కడా మూలనే. అదే బొటనవేలు.

ఇంటికి వచ్చి మా పెట్టె ముందు కూర్చున్నాను. మా దానికి నడుమనే ఉంది. నేను పెట్టింది పెట్టినట్టే ఉంది.

జలపతి వచ్చాడు. "టీవీ పెట్టాల్నా అవ్వా" అన్నాడు. లేచిపోయి పెట్టె మీది బటన్ నొక్కి వచ్చి కూర్చున్నాడు. వేరేది చూద్దామని మళ్ళీ లేచాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. తడిగుడ్డ దండెం మీద ఆరేశాను.

సెప్టెంబర్ 28, బుధవారం

నా బొట్టు వల్ల కాలేదని తెలిసింది. సంతోషంగా ఉండాలి. కానీ బొట్టు వల్లనే అయితే తుడిస్తే పోయేది. ఇప్పుడు ఏం తుడవాలి?

సెప్టెంబర్ 30, శుక్రవారం

ఈరోజు గట్టిగా అడుగుదామనే పోయాను. కరెంటు ఉంది. రాములవ్వ వరండాలో అందరూ ఉన్నారు. నేనే సజ్జ మీది రిమోటు దించి, కవరు విప్పి, రాములవ్వ ముందు పట్టాను.

"ఒక్కపారి నొక్కవే. నా కొడుకు కోసం."

"ఏ చేత్తోని పట్టుకోను అక్కా?"

రెండు చేతులూ చూపించింది. ఒక చేతిలో చుట్టిన ఆకు, విప్పుకోకుండా వేలు అదిమి ఉంది. ఇంకో చేతిలో దారం. వేళ్ళ నిండా తంబాకు. "గీ చేత్తోని ముడితె కొత్త సామాను కరాబైతదనే మీద పెట్టిన. కడుక్కోని అచ్చి నొక్కి మల్ల కూసుంటె నా బీడీలు ఎవ్వలు చెయ్యాలె?"

ఇన్ని రోజులు నేను వాళ్ళ మొహాలు చూశాను, నొక్కుతారా నొక్కరా అని. చేతులు చూడలేదు. ఒక్క చేయి ఖాళీగా లేదు. వందన చేతులు కూడా.

రిమోటును మళ్ళీ కవరులో పెట్టబోయాను. నా మొహం చూసి లింగవ్వకు జాలి కలిగినట్టుంది. "గా నీలిది నొక్కక్కా. వందన పాట టీవీల ఎట్లినత్తదో సూద్దాం. దానికి నోరు సాలు కదా" అంది.

పెట్టె మీది గుడ్డ ఎత్తి నొక్కాను. మైకు పట్టుకునేది ఎవరు? లింగవ్వ బీడీల దారం పోగులు కలిపి మైకును కిటికీ ఊచకు కట్టింది. అది వందన నోటి ముందు కాకరకాయలా వేలాడింది. వందన సిగ్గుపడి, తిట్టి, చివరికి బతుకమ్మ పాట ఎత్తుకుంది. ఆ గొంతు టీవీలోంచి ఖంగున వచ్చింది. అందరూ ఒక్క క్షణం నోళ్ళు తెరిచారు. తర్వాత అందరూ అందుకున్నారు. రాములవ్వ అయితే కళ్ళు మూసుకుని పాడింది.

పాడినంతసేపు ఒక్కరి చేయి కూడా ఆగలేదు.

అక్టోబర్ 2, ఆదివారం

వాడ వాడంతా కిటికీలకు మైకులు వేలాడుతున్నాయి. కరెంటు వచ్చిందంటే పాటే. లింగవ్వ ముసలాయన కూడా భజన పాట పాడాడట. "గిప్పుడు నేను నవ్విన" అంది లింగవ్వ.

జలపతి వాడలో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి వచ్చాడు. చెవులతో నడిచినట్టు నడిచాడు.

"అవ్వా, వీళ్ళు టీవీ సూత్తలేరు. టీవీకే ఇనవెడుతుండ్రు."

"మంచిదేనా గది?"

"కంపెనోళ్ళు ఏమంటరో తెల్వది గని, మంచిగనే ఉన్నది."

సద్దుల బతుకమ్మ తెల్లారి

నిన్న రాములవ్వ పెట్టెను కూడలిలోని దీక్ష టెంటు దగ్గరికి మోసుకుపోయారు. బతుకమ్మలు నడుమ పెట్టి ఆడారు. పాటల్లో పూలూ ఉన్నాయి, తెలంగాణా ఉంది. మైకు తీగ ఎవరి కాలికీ తగలకుండా జలపతి ఎత్తి పట్టుకుని తిరిగాడు. నవ్వుతున్నాడు. సిరిసిల్లలో వాడి నవ్వు ఎప్పుడు చూశానో గుర్తు లేదు.

నేను కూడా రెండు చుట్లు తిరిగాను. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయని ఎవరూ అడగలేదు.

అక్టోబర్ 18, మంగళవారం

బస్సులు తిరుగుతున్నాయి. జగిత్యాల నుంచి కంపెనీ సారు సునీల్ వచ్చాడు. చిన్నవాడే, మర్యాద ఉన్నవాడు, చెప్పులు బయట విడిచాడు. ఇల్లిల్లూ తిరిగి పెట్టెల కడుపుల్లో ఉన్న గుర్తులన్నీ తన కంప్యూటర్‌లోకి తీసుకుని మా ఇంట్లో కూర్చున్నాడు. నేను చాయ్ పెడుతూ విన్నాను.

"జలపతన్నా, ఎర్రది ఎవ్వలు ముట్టలే. పాఠాలు, వంటలు గూడ గంతే. గీ నీలిది మాత్రం... గిదేందన్నా, పొద్దున పెట్టినోళ్ళు పొద్దూకిందాక బంద్ చెయ్యలేదా?"

"పాడుకున్నరు సార్. చేతులు పనిల ఉంటయి కదా, నోరు ఖాళీ."

సునీల్ నవ్వాడు. మళ్ళీ మొహం దించుకున్నాడు. "మావోళ్ళకు పాటలతోని పని లేదన్నా. జనం ప్రశ్నలకు జవాబులు నొక్కితెనే అడ్వర్టైజ్‌మెంట్లత్తయి. ఏ ఊళ్ళె సూసినా గిదే కథ. హైదరాబాద్‌ల మెత్తటి సోఫాలల్ల కూసున్నోళ్ళు గూడ నొక్కలే. పొద్దంత పని చేసి అచ్చి టీవీ ముంగట మల్ల పనేందని అన్నరట. పెట్టెలు బందు పెడుతున్నరు."

నేను చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. "సారూ, ఇంకొక్క నెల సూడరాదా?"

"నా చేతుల లేదమ్మా."

వాడి చేతులు కూడా చూశాను. నిజమే అనిపించింది.

బుగులైంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అక్టోబర్ 20, గురువారం

జలపతి బట్టల సందుక అడుగు నుంచి పాత చొక్కా తీశాడు. సాంచెల దగ్గర తొడుక్కునేది. వాకిట్లో దులిపాడు. దుమ్ము లేచింది. దగ్గాడు. గొంతు సవరించుకోవడం కాదు, పొలమారడం కాదు. దగ్గు. గోడ పట్టుకుని దగ్గాడు. వందన నీళ్ళు తెచ్చింది.

నేను వాడి చేతిలోంచి చొక్కా తీసుకున్నాను.

"మీ బాపు గూడ గిట్లనే దులిపిండు. డాక్టరు వద్దన్నంక. ఒక్క నెల పోత, గంతే అన్నడు. నేను సరే అన్న."

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా రాయనన్నాను.

"మరేం చెయ్యాలవ్వా?"

"నాకు తెల్వదు కొడుకా. మైకు గుంజుకపోతరేమో అని రాములవ్వ పొద్దటిసంది ఏడుత్తంది. నాకు గదొక్కటే తెలుసు."

వాడు అలాగే గడపలో కూర్చున్నాడు. చొక్కా మళ్ళీ అడగలేదు.

అక్టోబర్ 22, శనివారం

సునీల్ ఫోన్ చేశాడు. పెట్టెలను వాపసు తీసుకుపోవడం కంపెనీకి దండుగట. "నువ్వే ఉంచుకోమన్నరన్నా, ఏమన్న చేసుకో" అన్నాడట. ఇస్తున్నాడో పారేస్తున్నాడో నాకు అర్థం కాలేదు. జలపతికి అర్థమైంది. ఫోన్ పెట్టగానే చాప పరిచి ఒక పెట్టె విప్పాడు.

రోజంతా అదే పని. ప్రశ్నల తీగలు, పాఠాల తీగలు పీకేశాడు. చిన్న బటన్లన్నీ తీసి ఒక్క పెద్ద స్విచ్ పెట్టాడు, మోచేత్తో తగిలినా పడేలాగ. మైకుకు వంచిన ఇనుప తీగ తొడిగాడు, ఎటు తిప్పితే అటు నిలబడుతుంది. సాంచెకు తెగిన పోగు అతికించినంత ఓపికగా చేశాడు. రిమోటు పక్కన పడేశాడు.

మొదటిది రాములవ్వకు. చాట ఒళ్ళో పెట్టుకుని మోచేత్తో ఒక్క దెబ్బ వేసింది. "హలో హలో, శంకరవ్వక్క చాయ్ పోత్తలేదు" అని వాడంతా వినబడేలా అంది.

అక్టోబర్ 24, సోమవారం

సమ్మె ఆపారు. తెలంగాణ ఇంకా రాలేదు. వస్తుంది అంటున్నారు.

వజ్రమ్మ తన పెట్టె మార్చి ఇమ్మంది, చర్చిలో పాటలకు ఇంకొకటి కావాలంది. మెట్‌పల్లి నుంచి బీడీలు చేసే ఆడవాళ్ళు వచ్చారు, లింగవ్వ చుట్టాలట, వాళ్ళూ పైసలిచ్చి కొంటామన్నారు. ఉన్న పెట్టెలు అయిపోతే ఎట్లా అని నాకు బుగులైంది. కరీంనగర్‌లో సామాను దొరుకుతుంది, నేనే బిగిస్త అన్నాడు జలపతి. ఆ సామాను దొరకకపోతే ఎట్లా అని అడగబోయి ఆగాను. ఇక్కడ రాసుకుంటున్నాను.

దీపావళి

పొద్దున జలపతి ఒకసారి దగ్గాడు. దగ్గే. నిన్నటి కంటే తక్కువ.

ఎల్లేశం ఫోన్ చేశాడు. "అన్నా, రేపటిసంది పాళికి అత్తున్నవా?" అన్న మాట నాకూ వినబడింది. నేను పొయ్యి దగ్గర కూర్చొని పొయ్యినే చూశాను.

"లేదు తమ్మీ" అన్నాడు జలపతి. "గా జాగ ఇంకెవ్వలకన్న ఇయ్యి. నువ్వు గిన్ని దినాలు ఆపినవు, గది మర్సిపోను."

నాకు ఎల్లేశం మీది కోపం ఎక్కడ పోయిందో పోయింది. నోములకు ఎల్లేశం వాళ్ళను పిలవాలి.

విప్పి బాగు చేసిన పెట్టెలన్నీ చాప మీద వరుసగా ఉన్నాయి. రేపు ఇళ్ళకు పోతాయి. మా ఇంటి పెట్టె కూడా చివర ఉంది. వందన నోము కోసం తీసిన కుంకుమ భరిణె పట్టుకుని వాటి ముందు కూర్చోబోయింది. జలపతి ఆపాడు.

"అవ్వ పెట్టాలె."

"నేనెట్ల పెడుతరా?" అన్నాను.

"గప్పుడు ఎట్ల పెట్టినవో గట్లనే." నా వైపు చూడకుండా స్క్రూ బిగిస్తూ అన్నాడు. "ఇగ రిమోటే లేదు. గా నల్ల అద్దంతోని పనే లేదు. నడుమనే పెట్టు."

వందన భరిణె నా చేతిలో పెట్టింది. పక్కన కూర్చొని నీళ్ళ గిన్నె పట్టుకుంది.

ఒక్కొక్కదానికీ పెట్టాను. ఉంగరపు వేలితో, నడుమ. గుండ్రంగానే వచ్చాయి. చివరికి మా ఇంటి పెట్టె దగ్గరికి వచ్చాను. దానికి ముందే ఉంది. కొంచెం వెలిసింది. దాని మీదే మళ్ళీ పెట్టాను.